బ్రూజ్‌లో రెండు రోజులు, అమ్మతో

అమ్మ బ్రస్సెల్స్ వచ్చిన మొదటి వారంలోనే తనని ఎక్కడెక్కడికి తీసుకెళ్ళాలో ఓ లిస్టు రాసి పెట్టుకున్నాను. పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, కొలోన్ చర్చి. అమ్మ ఆ కాగితం చూసి పక్కన పెట్టేసింది. "అవన్నీ తర్వాత సంగతి. బెల్జియం లేసు అంటారే, అది అల్లే ఊరు మీకు దగ్గరేనా?" అని అడిగింది.

నేను ఇక్కడికొచ్చి ఆరేళ్ళయింది. అమ్మ అడిగిన ఆ లేసు ఊరు బ్రూజ్. అక్కడికి రెండుసార్లు వెళ్ళాను, రెండుసార్లూ ఆఫీసు వాళ్ళతోనే. కాలవలు, వాఫుల్స్, చాక్లెట్లు, ఫొటోలు. షాపు అద్దాల వెనక తెల్లగా లేసు వేలాడుతుంటే చూస్తూ ముందుకి నడిచేశాను. మా అమ్మ తన బతుకులో సగం లేసు అల్లుతూ గడిపిన మనిషి. ఆ లేసుకీ ఈ లేసుకీ మధ్య ఏదో ఉండి ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు. తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మాది నరసాపురం పక్కన పల్లెటూరు. ఆ ప్రాంతం తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను: నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు వంటా వార్పూ అయ్యాక అరుగుల మీద కూర్చుని లేసు అల్లడం 19వ శతాబ్దం నుంచీ ఉంది. క్రైస్తవ మిషనరీలు మొదట కొందరు పేద ఆడపిల్లలకి నేర్పితే, వాళ్ళ దగ్గర్నుంచి ఊళ్ళకి ఊళ్ళే నేర్చుకున్నాయి. కొసన చిన్న కొక్కెం ఉన్న సూది, తెల్లదారం, అంతే సరంజామా. ఒకళ్ళు పువ్వులు అల్లితే ఇంకొకళ్ళు వాటిని కలుపుతారు. ఆ కలపడాన్ని అతుకుపని అంటారు. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, అల్లింది లెక్కపెట్టుకుని పట్టుకెళ్తాడు. అమ్మది పువ్వుల పని. నా మొదటి సైకిలు, ఇంటర్ ఫీజు ఆ పువ్వుల్లోంచే వచ్చాయి. ఆ పువ్వులన్నీ కలిసి చివరికి ఎలాంటి బల్లగుడ్డ అయ్యాయో, అది ఏ దేశంలో ఎవరింట్లో పరిచారో అమ్మకి ఏనాడూ తెలియలేదు.

అందుకని ఆ లిస్టు చింపేసి ఏప్రిల్‌లో ఒక శనివారం, ఆదివారం బ్రూజ్‌కి పెట్టుకున్నాం.

బ్రస్సెల్స్ నుంచి రైల్లో గంట ప్రయాణం. చాలామంది పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తారు. నేనూ రెండుసార్లూ అలాగే చేశాను. ఇప్పుడెవరైనా అడిగితే ఒక్క రాత్రైనా ఉండమనే చెప్తాను. పగలు పదకొండు నుంచి ఐదు దాకా ఆ సన్న సన్న వీధుల్లో జనం తిరనాళ్ళలా ఉంటారు. ఆ జనమంతా సాయంత్రం రైళ్ళెక్కి వెళ్ళిపోయాక ఊరు ఊపిరి పీల్చుకుంటుంది. ఇంకొకటి, అక్కడి లేసు కేంద్రంలో అల్లి చూపించేది మధ్యాహ్నం పూట, ఆదివారం మూసేస్తారు. మేం వెళ్తున్నదే దానికోసం కాబట్టి శనివారం మధ్యాహ్నాన్ని ముందు దానికి కేటాయించి, మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకున్నాను.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి రైలు దగ్గర ఒక చిన్న తికమక ఎదురవుతుంది. మనం విన్న బ్రూజ్ ఫ్రెంచి పేరు. ఆ ఊరు ఉన్నది డచ్చి మాట్లాడే ఫ్లాండర్స్‌లో. స్టేషన్ బోర్డు మీద బ్రుగ్గె అని రాసుంటుంది, వాళ్ళు పలికేటప్పుడు ఆ 'గ్గ' గొంతులోంచి 'ఖ'లా వస్తుంది. బ్రస్సెల్స్‌లో రెండు భాషల్లో అనౌన్స్ చేసే రైలు, ఫ్లాండర్స్‌లోకి వచ్చేసరికి ఒక్క డచ్చిలోనే చెప్తుంది. దారిలో వచ్చే గెంట్ అనే ఊరు దాటాక సర్దుకుని కూర్చుంటే టెన్షన్ ఉండదు.

అమ్మ పులిహోర కలిపింది. చీర మీద స్వెట్టరు, దాని మీద నా వానకోటు, కాళ్ళకి స్పోర్ట్స్ షూ. భుజానికి ఎప్పుడూ ఉండే గుడ్డసంచి. అందులో ఏముందో నేను అడగలేదు, తను చెప్పలేదు.

స్టేషన్ నుంచి ఊరి నడిబొడ్డుకి బస్సులున్నాయి గానీ మేం నడిచాం. ఇరవై నిమిషాల దారే, పైగా ఆ దారిలోనే మిన్నెవాటర్ అనే చెరువూ, దాన్ని ఆనుకుని బెగిన్‌హోఫ్ వస్తాయి. చెరువు నిండా తెల్లటి హంసలు. వాటి వెనక ఒక కథ చెప్తారు. 1488లో ఊరివాళ్ళు తమ పాలకుడు మాక్సిమిలియన్ మీద తిరగబడి, అతన్ని బంధించి, అతని మనిషి పీటర్ లాంకాల్స్‌ని చంపేశారు. లాంకాల్స్ అంటే పొడుగు మెడ అన్న అర్థం వస్తుందట. అందుకని మాక్సిమిలియన్ మళ్ళీ పైచెయ్యి అయ్యాక, ఈ ఊళ్ళో కలకాలం పొడుగు మెడల హంసల్ని పోషించాలని శిక్ష వేశాడని జనం చెప్పుకుంటారు. అందులో చరిత్ర ఎంతో, కల్పన ఎంతో గానీ హంసలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

బెగిన్‌హోఫ్‌లో అమ్మ చాలాసేపు నిలబడిపోయింది. చిన్న వంతెన దాటి గుమ్మంలోంచి లోపలికెళ్తే, చుట్టూ సున్నం కొట్టిన తెల్లటి ఇళ్ళు, మధ్యలో ఎత్తైన చెట్లు, ఆ చెట్ల కింద గడ్డి నిండా పచ్చటి డాఫొడిల్ పూలు. నిశ్శబ్దంగా ఉండమని బోర్డు. 1245లో పెట్టిన వాడ అది. బెగీన్లు అంటే పెళ్ళి చేసుకోకుండా, అలాగని పూర్తి సన్యాసమూ పుచ్చుకోకుండా, దైవచింతనతో కలిసి బతికిన ఆడవాళ్ళు. ఎవరి సంపాదన వాళ్ళదే. బయటికి వెళ్ళాలనుకుంటే వెళ్ళిపోవచ్చు, పెళ్ళి చేసుకోవచ్చు. ఇప్పుడు అక్కడ బెగీన్లు లేరు, 1927 నుంచి బెనెడిక్టైన్ సన్యాసినులు ఉంటున్నారు. ఇదంతా నేను గుసగుసగా చెప్తుంటే అమ్మ, "ఎనిమిది వందల ఏళ్ళ కిందటేనా? ఒంటరి ఆడవాళ్ళకి ఇల్లూ పనీ ఉండేవా?" అని అడిగింది. మా పిన్ని గుర్తొచ్చి ఉంటుంది. ఆవిడ ముప్పైలోనే ఒంటరిదై, లేసు మీదే ఇద్దరు పిల్లల్ని పెంచింది. అమ్మ పేరెత్తలేదు, నేనూ ఎత్తలేదు.

పదకొండున్నరకి రోజెన్‌హుడ్‌కాయ్ చేరాం. బ్రూజ్ ఫొటో ఏది చూసినా అందులో కనిపించేది ఆ మూలే. కాలవ అక్కడ వంపు తిరుగుతుంది, నీళ్ళలోంచి లేచినట్టుండే ఇటుక గోడలు, వాటి వెనక బెల్‌ఫ్రీ గంటల గోపురం. ఫొటోల కోసం జనం వరస కట్టి ఉన్నారు. మేం కొంచెం ముందుకెళ్ళి చెట్ల కింద బెంచీ చూసుకుని పులిహోర డబ్బా విప్పాం.

అమ్మ నీళ్ళకేసి చూస్తూ, "కదలడం లేదే" అంది.

గోదావరి కాలవ ఒడ్డున పెరిగిన మనిషికి కాలవంటే పారేది. ఇక్కడ నీళ్ళు పలకలా కదలకుండా నిలబడి ఉంటాయి, మట్టం అటూ ఇటూ కాకుండా చూసుకుంటారు. మనవైపు ఏప్రిల్ అంటే కాలవలు కట్టేసే రోజులు కూడా. "ఈపాటికి మన కాలవ కట్టేసి ఉంటారు, అడుగు బురద కనబడుతూ ఉంటుంది" అని తనే అనుకుంది.

అప్పుడు చెప్పాను, ఈ ఊరికి ఈ నీళ్ళు ఎలా కలిసొచ్చాయో. ఇక్కడి కాలవల్ని రెయెన్ అంటారు. రెయి అనే చిన్న ఏటి పేరు మీద వచ్చిన మాట. బ్రూజ్ నిజానికి సముద్రం ఒడ్డున లేదు. 1134లో పెద్ద తుఫాను వచ్చి సముద్రం లోపలికి చొచ్చుకొచ్చింది. తీరాన్ని కోసుకుంటూ ఒక పాయ ఏర్పడింది, దాని పేరు జ్విన్. ఆ పాయ పుణ్యాన ఓడలు ఊరి దగ్గరి దాకా రాగలిగాయి. ఇంగ్లండు నుంచి ఉన్ని వచ్చేది, ఇక్కడ బట్టగా మారేది. 1277లో జెనోవా ఓడలు వచ్చాయి, తర్వాత వెనిస్ ఓడలు. మిరియాలు, పట్టు, పటిక, అన్నీ ఈ కాలవల మీదే దిగాయి. వాన్ డెర్ బ్యూర్స్ అనే కుటుంబం నడిపిన సత్రం ముందు వర్తకులు కూడి బేరాలాడుకునేవారు. యూరప్ భాషల్లో స్టాక్ మార్కెట్‌ని బోర్స్ అనడం ఆ ఇంటిపేరు నుంచే వచ్చిందంటారు.

అమ్మ ముద్ద చేతిలోనే పట్టుకుని ఆగిపోయింది. "ఉప్పెన వచ్చి మేలు చేసిందా?"

1977 నవంబర్ ఉప్పెన అప్పటికి అమ్మకి పద్నాలుగేళ్ళు. దివిసీమలో ఊళ్ళకి ఊళ్ళు కొట్టుకుపోయిన రోజులు. మావైపు కూడా ఆ గాలి చూసినవాళ్ళు ఇప్పటికీ ఆకాశం ఎర్రబడితే భయపడతారు. ఉప్పెన అన్న మాటకి అమ్మ మనసులో ఒక్కటే అర్థం ఉంది. అది ఒక ఊరికి రేవు ఇచ్చిందంటే ఆవిడకి నమ్మశక్యం కాలేదు. "తర్వాత తీసేసుకుందిలే అమ్మా" అన్నాను. జ్విన్ పాయ మెల్లమెల్లగా ఇసక, ఒండ్రు మేట వేసుకుంటూ పూడిపోయింది. పెద్ద ఓడలు రావడం మానేశాయి. 1500 నాటికి వ్యాపారం ఆంట్‌వెర్ప్ అనే ఇంకో రేవు పట్నానికి తరలిపోయింది. 19వ శతాబ్దం వచ్చేసరికి బెల్జియంలోని నిరుపేద ఊళ్ళలో ఇదొకటి. పాతవి కూల్చి కొత్తవి కట్టుకునే డబ్బు లేకపోవడం వల్లే ఈ ఇళ్ళు ఇలా మిగిలాయని చెప్తారు. ఇప్పుడు యునెస్కో జాబితాలో ఉన్న ఆ అందమంతా, ఒక రకంగా, చాలాకాలం పాటు చేతిలో డబ్బాడక మిగిలిందే.

"మరి అప్పుడు ఏం తిన్నారు?" అంది అమ్మ.

లేసు. ఆ మాట చెప్పడానికి మేం వెళ్ళాల్సిన చోటు ఇంకో ఇరవై నిమిషాల నడకలో ఉంది.

ఈలోగా మార్కెట్ చౌకులో ఆగాం. బెల్‌ఫ్రీ కింద రెండు ఆకుపచ్చ బండ్ల దగ్గర ఆలూ ఫ్రైస్ అమ్ముతారు, వాసనకే ఆకలేస్తుంది. కానీ మన పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళు ఒక సంగతి తెలుసుకోవాలి. బెల్జియంలో చాలాచోట్ల ఫ్రైస్ ఆవు కొవ్వులో వేయిస్తారు. అది వాళ్ళ సంప్రదాయం, అందులో దాపరికం ఏమీ లేదు, అడిగితే చెప్తారు. నేను ఏ కొట్టు దగ్గరైనా ముందు నూనె ఏమిటని అడిగి కొంటాను. ఆ రోజు వాటి జోలికి పోకుండా అమ్మకి వాఫుల్ ఇప్పించాను.

గోపురం 83 మీటర్లు, 366 మెట్లు. అమ్మ మోకాళ్ళకి అది కుదిరే పని కాదు, తనని కింద ఒంటరిగా వదిలి నేను ఎక్కదలుచుకోలేదు. లోపలి ఆవరణలో మెట్టు మీద కూర్చుని గంటలు విన్నాం. మొత్తం 47 గంటలు. పావుగంటకోసారి వాటంతట అవే మోగుతాయి. పావు తక్కువ రెండుకి ఒకసారి మోగి ఆగాక లేచి నడిచాం.

లేసు కేంద్రం ఉన్నది సెయింట్ ఆన్నా అనే పేటలో. చౌకు నుంచి తూర్పుకి కాలవ దాటగానే జనం పల్చబడిపోతారు. ఒంటి అంతస్తు ఇళ్ళు, కిటికీల్లో తెల్ల పరదాలు, సైకిళ్ళు. పూర్వం కూలీనాలీ చేసుకునే వాళ్ళ పేట అది. లేసు కేంద్రం ఉన్న కట్టడం ఒకప్పుడు క్రైస్తవ సన్యాసినులు నడిపిన లేసు బడి. కింద చిన్న మ్యూజియం, మేడ మీద అల్లే గది.

మ్యూజియంలో ఫొటోల ముందు అమ్మ ఆగింది. ఇళ్ళ ముందు కుర్చీలు వేసుకుని, ఒళ్ళో దిండ్లు పెట్టుకుని, వరసగా అల్లుతున్న ఆడవాళ్ళు, పక్కన చిన్నపిల్లలు. నలుపు తెలుపు ఫొటో కాకపోతే, తల మీద ఆ టోపీలు లేకపోతే, అది మా వీధే. ఇక్కడా పిల్లల్ని చిన్నప్పుడే బడిలో వేసి అల్లిక నేర్పేవారు. ఇక్కడా దారం ఇచ్చేదీ లేసు కొనుక్కెళ్ళేదీ మధ్యవర్తులే. కూలి చాలా తక్కువ. యంత్రాలు వచ్చాక ఆ కాస్తా పోయింది.

మేడ మీద గదిలో పదిమందికి పైగా పెద్దవాళ్ళు కూర్చుని ఉన్నారు. మాటలు తక్కువ. గది నిండా ఒక చప్పుడు, చెక్క మీద చెక్క తగిలే టకటక, చినుకులు రేకు మీద పడుతున్నట్టు. ఒక్కొక్కరి ముందు గట్టిగా కూరిన దిండు, దాని మీద అట్ట, అట్ట నిండా చిన్న చిన్న చిల్లులు, చిల్లుల్లో గుచ్చిన గుండుసూదులు. ఒక్కో దిండు మీంచి పదుల కొద్దీ చెక్క పుల్లలు దారాలకి వేలాడుతున్నాయి.

"కండెలు!" అంది అమ్మ. నేతవాళ్ళ మాట అది. దారం చుట్టి ఉన్నాయి కాబట్టి తనకి కండెలే. నేనూ ఆ మాటే వాడతాను.

కిటికీ పక్కన కూర్చున్న డెబ్బై దాటిన ఒకావిడ అమ్మ చీర చూసి నవ్వి, కుర్చీ లాగి కూర్చోమని సైగ చేసింది. ఆవిడకి కొంచెం ఇంగ్లీషు వచ్చు, నేను మధ్యలో తర్జుమా. కాసేపటికి నా అవసరం లేకుండా పోయింది.

ఆవిడ చూపించింది ఇది. ఎన్ని కండెలున్నా, ఒక్కసారికి చేతిలోకి తీసుకునేది నాలుగే, అంటే రెండు జతలు. వాటితో చేసేవి రెండే కదలికలు. మధ్యలో ఉన్న రెండిటిలో ఎడమదాన్ని కుడిదాని మీదుగా వెయ్యడం ఒకటి, దాన్ని క్రాయిసెన్ అంటారు. తర్వాత ఒక్కో జతలో కుడిదాన్ని ఎడమదాని మీదుగా తిప్పడం, అది డ్రాయెన్. దాటించు, మెలిపెట్టు. అంతే. ఆ రెండిటినే అటూ ఇటూ మారుస్తూ, చిల్లు వచ్చినచోట సూది గుచ్చుతూ, ఆకులు, పువ్వులు, జాలీ అన్నీ అల్లుతారు. దారం ఎక్కడ మలుపు తిరగాలో సూది పట్టి ఉంచుతుంది. అల్లిక నిలదొక్కుకున్నాక వెనకటి సూదులు తీసి ముందుకి గుచ్చుకుంటూ పోతారు.

అమ్మ ఆ అట్ట మీదకి వంగి చాలాసేపు చూసి, "ఇది చుక్కల ముగ్గే కదే" అంది. నాకు ఒళ్ళు పులకరించింది. నిజంగా అంతే. చుక్కలు ముందు, వాటి చుట్టూ తిరిగే గీత తర్వాత. చుక్క అంటే సూది, గీత అంటే దారం. ఆవిడకి ఇది ఎలా చెప్పాలో తెలీక, ఫోన్‌లో మా ఇంటి ముందు సంక్రాంతికి వేసిన మెలికల ముగ్గు ఫొటో తీసి చూపించాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, వేలితో ఆ గీత మొత్తం తిరిగి, పక్క కుర్చీలో ఉన్నావిడని పిలిచి చూపించింది.

తర్వాత కొత్తవాళ్ళకి ఇచ్చే దిండొకటి అమ్మ ముందు పెట్టారు. అమ్మ మొదట చేతులు వెనక్కి తీసుకుంది. తర్వాత మెల్లగా కండెలు పట్టుకుంది. దాటించు, మెలిపెట్టు, సూది. నాలుగో వరసకి తడబడింది, విప్పింది, మళ్ళీ మొదలెట్టింది. ఆవిడ అమ్మ చెయ్యి పట్టుకుని చూపుడువేలు పక్కన కాయ కాసిన చోట నిమిరి, తన వేళ్ళు చూపించింది. ఏ పని చేస్తే ఎక్కడ కాయ కాస్తుందో ఇద్దరికీ తెలుసు. నేను పక్కకి తిరిగి కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు అమ్మ తన గుడ్డసంచిలోంచి కొక్కెం సూదీ దారం ఉండా తీసింది. అవి ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకుందన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. గది చప్పుడు ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ వచ్చింది. అమ్మ తలెత్తకుండా పువ్వు అల్లింది. ఉంగరం కట్టి, దాని చుట్టూ రేకులు, రేకుకీ రేకుకీ మధ్య గొలుసు. ఐదారు నిమిషాలు పట్టిందేమో. వాళ్ళది నాలుగు దారాలతో నడిచే పని, అమ్మది ఒకే దారం. కండెలు లేవు, దిండు లేదు, అట్ట లేదు. మనసులో ఉన్న లెక్కే నమూనా. ఒకావిడ ఆ సూదిని చేతిలోకి తీసుకుని, అరిగిన కొక్కేన్ని వెలుతురుకి పట్టి చూసింది.

అమ్మ నాతో, "వాళ్ళ పెద్దవాళ్ళకి ఎంతిచ్చేవారో అడుగు" అంది. అడిగాను. కిటికీ దగ్గరావిడ వాళ్ళ అమ్మమ్మ లేసు అల్లిన మనిషేనట. అంకె తెలియదు గానీ, రోజంతా అల్లినా ఆ డబ్బు రొట్టెకే చాలేది కాదని చెప్పేదట. అమ్మ తలూపింది. వాళ్ళిప్పుడు ఎవరూ కూలికి అల్లడం లేదు, ఇష్టంగా వచ్చి అల్లుతున్నారు. నేర్చుకునే పాపలు కూడా ఇద్దరు కనిపించారు. మూసేసే వేళ దాకా ఉన్నాం. పువ్వు అక్కడే ఇచ్చేసింది అమ్మ. ఆవిడ పాత కండెల జతొకటి అమ్మ చేతిలో పెట్టింది.

బయటికొచ్చి వీధి చివరిదాకా నడిస్తే, పాత కోటగట్టు మీద గాలిమరలు వరసగా ఉన్నాయి. అందులో సెయింట్ జాన్ మర 1770లో కట్టింది, ఇప్పటికీ పిండి ఆడుతుంది. గట్టు గడ్డి మీద కూర్చున్నాం. ఏప్రిల్‌లో ఇక్కడ రాత్రి ఎనిమిది దాటినా వెలుతురుంటుంది. అమ్మ ఏం మాట్లాడలేదు, ఆ కండెల్ని ఒకదానికొకటి తగిలిస్తూ చప్పుడు వింటూ కూర్చుంది.

బస దగ్గర మాత్రం ఇబ్బంది పడ్డాం. కింది అంతస్తులో గది కావాలని రాసే బుక్ చేశాను. తీరా వెళ్తే మూడో అంతస్తు ఇచ్చారు, లిఫ్టు లేదు. ఆ ఊళ్ళో పాత ఇళ్ళ మెట్లు నిచ్చెనలా నిటారుగా, అడుగు పట్టీ పట్టనంత సన్నగా ఉంటాయి. అమ్మ గోడకి కట్టిన తాడు పట్టుకుని ఎక్కింది, నేను వెనకాల చేతులు చాచుకుని. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ముందురోజు ఫోన్ చేసి గది ఏ అంతస్తో నోటితో చెప్పించుకోండి.

ఆదివారం పొద్దున్న ఏడింటికి గ్రూనెరెయి కాలవ పక్కన నడిచాం. ఒక్క మనిషి లేడు. ఇళ్ళు నీళ్ళలో తలకిందులుగా, గీత కూడా చెదరకుండా ఉన్నాయి. ఒక బాతు ఈదుకుంటూ వెళ్తే ఇళ్ళన్నీ ఒకసారి ఊగి మళ్ళీ నిలబడ్డాయి. బ్రూజ్‌లో కాలవ చూడాలంటే ఆ వేళ చూడాలి.

తర్వాత అవర్ లేడీ చర్చి. 115 మీటర్ల ఇటుక గోపురం, లోపల మైకెలాంజిలో చెక్కిన తల్లీబిడ్డల పాలరాతి శిల్పం. దాన్ని ఒకసారి 1794లో ఫ్రెంచివాళ్ళు, మరోసారి 1944లో జర్మన్లు ఎత్తుకుపోయారు. రెండోసారి ఆస్ట్రియాలో ఒక ఉప్పుగనిలో దొరికింది. తల్లి మోకాళ్ళ మధ్య నిలబడ్డ పసివాడు కిందికి దిగబోతున్నట్టు ఉంటాడు, ఆవిడ మాత్రం ఆపడం లేదు, వేళ్ళు వదులుగా పట్టుకుని ఎటో చూస్తోంది. అమ్మ, "వెళ్ళిపోతాడని తెలిసిన మొహం" అంది. నేను ఆరేళ్ళుగా ఇంటికి దూరంగా ఉన్నాను. ఏం చెప్పాలో తెలీలేదు.

పదింటికి పడవలు మొదలయ్యాక అరగంట పడవ ఎక్కాం. వంతెనలు ఎంత కిందికి ఉంటాయంటే తల వంచమని పడవాయన అరుస్తూనే ఉంటాడు. అందరూ మధ్యయుగాల నాటిదనుకునే బోనిఫేసియస్ వంతెన నిజానికి 1910 ప్రాంతంలో కట్టింది. అమ్మ నీళ్ళలో చెయ్యి పెట్టబోతే పడవాయన వద్దన్నాడు. "మాధవాయిపాలెం రేవులో పంటు మీద ఎవరూ వద్దనరు" అంది నాతో తెలుగులో.

రైలుకి ముందు గంట టైముంటే ఒక లేసు షాపులోకి వెళ్ళాం. ఆ వీధుల్లో అమ్మేదాంట్లో చాలావరకు మిషన్ లేసే. చేతిది కావాలంటే అడిగి, ఏ పద్ధతిదో చెప్పించుకుని కొనాలి, ధర కూడా తగ్గట్టే ఉంటుంది. అమ్మ అడగలేదు. ఒక్కో గుడ్డా వెనక్కి తిప్పి, బొటనవేలితో నొక్కి చూస్తూ పోయింది. ఒక మూల గుండ్రటి బల్లగుడ్డ దగ్గర ఆగింది. "ఇది కండెల పని కాదు. కొక్కెం సూదిది. చేతి పనే" అంది. అంచు పట్టుకుని అతుకు ఎక్కడుందో చూపించింది. నేను చూస్తే కనపడలేదు, తన వేలు పెట్టి చూపిస్తే కనపడింది. అమ్మే అమ్మాయిని అది ఎక్కడ అల్లిందని అడిగాను. బయటి దేశం నుంచి వచ్చిందని చెప్పింది గానీ ఏ దేశమో చెప్పలేకపోయింది. చీటీ మీద కూడా ఏమీ లేదు. అమ్మ దాన్ని మడతలు కలిపి, మొదట ఎలా ఉందో అలాగే పెట్టింది.

రైల్లో గెంట్ దాకా మాట్లాడలేదు. గెంట్ దాటాక, "అతుకు బాగా వేశారు. ఎవరో మంచి పనిమంతురాలు" అంది.

ఇది జరిగి మూడు వారాలైంది. ఇంట్లో అట్టపెట్టెకి పాత తువ్వాలు చుట్టి దిండు చేసుకుంది. కండెలు రెండే ఉన్నాయని, మిగతా రెంటికి నా పెన్సిళ్ళు విరిచింది. దాటించు, మెలిపెట్టు అని గొణుక్కుంటూ రోజూ ఒక జానెడు అల్లి విప్పేస్తోంది. మధ్యాహ్నాలు మాత్రం తన సూదితో ఒక గుండ్రటి బల్లగుడ్డ నడుస్తోంది. లేసు కేంద్రానికి పోస్టులో పంపాలట, కిటికీ దగ్గరావిడకి. అడ్రసు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసివ్వమంది. పువ్వులన్నీ అయిపోయాయి, అతుకుపని కూడా ఈసారి తనే చేస్తోంది. ఇంకా అంచు మిగిలింది.